మళ్లీ ఆఫీసుకు వెళ్తున్న తల్లిదండ్రులకు

2020లో కరోనా వల్ల బెంగళూరులో చాలామంది ఇంటి నుంచే ఉద్యోగం చేశారు. ఇప్పుడు కంపెనీలు ఆఫీసుకు రమ్మంటున్నాయి. బడి వదిలే వేళకు మీరింకా మీటింగ్‌లోనో ట్రాఫిక్‌లోనో ఉంటారు. అప్పటి నుంచి మీరు ఇల్లు చేరేదాకా పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి?

చట్టం ఏం చెబుతోంది?

50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రం, సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తెచ్చిన ఈ నియమం 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పని చేయడం మాత్రం పని తీరును బట్టి, యజమాని ఒప్పుకుంటేనే. మొహమాటపడకండి, కాగితం మీద రాసి అడగండి.

బడి పిల్లల సంగతి?

క్రెష్ పసిపిల్లలకే. బడి పిల్లల సాయంత్రాలు మనమే చూసుకోవాలి.

• పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారో పేరు, ఫోన్ నంబరు డైరీలో రాసి సంతకం చేయండి. మనిషి మారితే ముందే చెప్పండి.

• వీలైతే ఆఫీసు రోజులు అమ్మవి వేరు, నాన్నవి వేరు అయ్యేలా అడిగి చూడండి.

• తమ్ముణ్ణి చూసుకోవడానికని అక్కను బడి మాన్పించకండి. ఒక్కరోజే కదా అనుకుంటారు. ఆ రోజు పోయిన పాఠం దానికి మళ్లీ ఎవరు చెబుతారు?

పిల్లలూ, మీవాళ్లు రావడం ఆలస్యమైతే గేటు దాటకండి. నేరుగా ఆఫీసు గదికి రండి.

– ప్రధానోపాధ్యాయుడు