మిలిటరీ ప్రమాణ మనగా నేమి?

మన యింట విద్యుద్దీపము మాడిపోయినచో అంగడికి పోయి మరియొకటి తెత్తుము. అది ఏ కంపెనీ చేసినదైనను పాత హోల్డరులో ఇట్టే అమరును. ఈ సౌకర్యమును మనము గమనింపనైనను గమనింపము. కాని ఒకరు చేసిన భాగము వేరొకరు చేసిన యంత్రములో అమరుట యనునది ఒకప్పుడు సేనానులు కన్న కల. ఆ కల పండుటకు తుపాకుల కార్ఖానాలు చేసిన కృషిని, అందుండి పుట్టిన ‘మిలిటరీ ప్రమాణము’ అను మాటను గూర్చి ముచ్చటింతము.

పూర్వము తుపాకులు చేయువాడు ప్రతి భాగమును ఆకురాయితో రాచి, ప్రక్క భాగమునకు సరిపుచ్చెడివాడు. ఒక తుపాకి భాగము మరియొక దానికి పట్టెడిది కాదు. ఫ్రాన్సు దేశీయుడైన హోనోరె బ్లాంక్ దీనికి ఉపాయ మాలోచించెను. 1785లో అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ అతని పనిశాలను దర్శించెను. మందును పేల్చు యంత్రములు 50 అచట విడదీసి, అరలలో సర్దియుండెను. జెఫర్సన్ చేతికి వచ్చిన భాగములను తీసి, కొన్నింటిని తానే కూర్చి చూడగా అవి చక్కగా అమరెను.

అమెరికాలో ఈ కీర్తి చిరకాలము ఈలై విట్నీకి దక్కినది. అతడు 1798లో 10,000 తుపాకులను రెండేండ్లలో ఇత్తునని ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. చివరి తుపాకులు చేరునప్పటికి 1809 వచ్చెను. 1801లో వాషింగ్టనులో పెద్దల యెదుట అతడు చేసిన ప్రదర్శన మిగుల ప్రసిద్ధము. కాని మిగిలియున్న అతని తుపాకులను తరువాతి చరిత్రకారులు పరీక్షింపగా, వాని భాగములు పరస్పరము అమరవని తేలినది. ప్రదర్శన వేరు, ప్రమాణము వేరు.

నిజమైన విజయము హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్‌కు లభించినది. అతడు పనివాని కంటిని నమ్మక, గేజులను నమ్మెను. గేజి యనగా కొలత సరియైనదో కాదో తేల్చు ఉక్కు పరికరము. 1826లో ప్రభుత్వ పరీక్షకులు అతని రైఫిళ్లను విడదీసి, భాగములను కలగలిపి, మరల కూర్పించిరి; అవి అమరినవి. 1834 నాటికి దూరమున మిడిల్‌టౌనులో సిమియన్ నార్త్ చేసిన భాగములును హాల్ రైఫిళ్లకు సరిపోయెను.

అయినను ప్రమాణపత్రము వ్రాసినంతనే సర్వము చక్కబడదు. యూజీన్ స్టోనర్ రూపొందించిన రైఫిలు హక్కులను కోల్ట్ కంపెనీ 1959లో కొన్నది. అదియే ఎం-16. తూటాకు ఇంత వేగము, ఇంత పీడనము అని సైన్యము నిర్ణయించెను. ఆ లెక్క కుదురుటకై 1964లో వేరొక మందును అనుమతించిరి. దానివలన రైఫిలు మితిమీరిన వేగమున కాల్చసాగెను, మసియు హెచ్చెను. తూటా నిలుచు గదికి క్రోమియము పూత లేదు. శుభ్రపరచు సామగ్రి అందరికి అందలేదు. వియత్నాములో తూటా గొట్టములు లోపల ఇరుక్కొనగా, చేత తుపాకి యుండియు సైనికులు నిస్సహాయులై ప్రాణములు కోల్పోయిరి. 1967లో ఐకార్డ్ ఉపసంఘము విచారణ జరిపినది. క్రమముగా పూత, శిక్షణ, సామగ్రి సమకూడినవి. పత్రమున వ్రాయక విడిచిన అంశమును యుద్ధభూమి విడువలేదు.

నేడు అమెరికా అంగళ్లలో ఏఆర్-15 రైఫిలు దిగువ రిసీవరును అనేక కంపెనీలు అమ్ముచున్నవి. మీట, సుత్తి మొదలగునవి అమరు భాగమిది. చట్టము దృష్టిలో వరుస సంఖ్య గల తుపాకి యిదియే. పెక్కింటిపై ‘మిలిటరీ ప్రమాణము’ అను బిరుదు కనబడును. 7075-టి6 అల్యూమినియమును మూసలో అదిమి, మరల చెక్కి, గట్టి అనోడైజింగు పూత పూయుదురు. కాని అదిమిన ముడి దిమ్మెలను చేయు కార్ఖానాలు కొలదియే. పేర్లు మాత్రము పెక్కు. కావున భేదమెల్ల రంధ్రముల కొలతలో, పూతలో, తనిఖీలో నున్నది. వెనుక బిగించు గొట్టమునకు సైనికపు వ్యాసము సుమారు 1.148 అంగుళములు, వ్యాపారపు వ్యాసము 1.168. ఈ వెంట్రుకవాసి భేదము చేతనే ఒకదాని మడమ రెండవదానిపై సరిగా కూర్చుండదు.

మరియొక విశేషము గలదు. సైనికుల రైఫిలు వరుసగా పేలునట్టిది. పౌరుల రిసీవరులో ఆ యేర్పాటునకు వలయు రంధ్రము ఉండదు. కావున అది సైనికపు నమూనాకు అక్షరాల సరిపోలజాలదు. కొన్ని కొలతలు, లోహము, పూత మాత్రమే సరిపోలవచ్చును. ప్రభుత్వ తనిఖీదారు దానిని చూడనే లేదు.

ప్రమాణమనగా ఇంతకంటె తక్కువ పనికిరాదని గీచిన గీత. ఇంతకంటె మేలైనది లేదను బిరుదు కాదు. ఏ వస్తువుపై ఆ మాట కనబడినను మనము అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఏ పత్రము ప్రకారము? ఏ గేజితో? ఎవరు చూచిరి? వీనికి జవాబు లేనిచో, అది ప్రమాణము కాదు, ప్రకటన మాత్రమే.