తలుపు మూయని పూటకూళ్లిల్లు: అమెరికా డైనర్ చరిత్ర, మన శరీర గడియారం

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు మన పెద్దలు. ఈ రెండింటిలో ఏ ఒక్కదానినీ వేళకు తీర్చుకోలేని మనుషులు ప్రతి సమాజంలోనూ ఉంటారు. ఊరంతా నిద్రించే సమయంలో వారు పనిచేస్తారు. అటువంటి వారి ఆకలి తీర్చడానికి అమెరికాలో పుట్టిన ఒక భోజనశాల కథ ఇది. రహదారి పక్కన రైలుపెట్టె ఆకారంలో, తళతళలాడే ఉక్కురేకుల గోడలతో, 24 గంటలూ దీపాలు వెలుగుతూ ఉండే ఆ భోజనశాలను అక్కడివారు డైనర్ అంటారు. పాత హాలీవుడ్ చిత్రాలు చూసినవారికి ఆ పొడవాటి బల్ల, దాని ముందు వరుసగా ఉండే గుండ్రని ఎత్తుపీటలు, అడగకుండానే కప్పు నింపిపోయే కాఫీ పరిచితమైనవే.

ఆరోగ్యాన్ని గురించి చెప్పుకొనే చోట ఒక పూటకూళ్లింటి చరిత్ర ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. ఏమి తినాలి, ఎంత తినాలి అన్న ప్రశ్నలపై మనం చూపే శ్రద్ధ, ఏ వేళకు తినాలి అన్న ప్రశ్నపై చూపడం లేదు. డైనర్ చరిత్ర ఆ మూడవ ప్రశ్నకు సంబంధించినది. అవసరంగా మొదలైన అర్ధరాత్రి భోజనం కాలక్రమంలో అలవాటుగా, ఆపైన వినోదంగా మారిన తీరు అందులో స్పష్టంగా కనబడుతుంది.

పత్రికా కార్యాలయం ముందు గుర్రపు బండి

రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే అచ్చుపనివాడు ఉండేవాడు. బాల్యం నుంచే అతడు రాత్రి పనివారికి బుట్టలో శాండ్‌విచ్‌లు, కాఫీ పెట్టుకొని తిరిగి అమ్మేవాడు. 1872లో అచ్చుపని మానుకొని, ఒక చిన్న గుర్రపు బండిని వంటబండిగా మార్చి, ప్రావిడెన్స్ జర్నల్ పత్రికా కార్యాలయం ఎదుట నిలిపాడు. ఆ రోజుల్లో నగరంలోని భోజనశాలలు సాయంత్రం పొద్దుపోగానే మూతపడేవి. తెల్లవారేసరికి పత్రిక రావాలంటే అక్షరాలు కూర్చేవారు, యంత్రాలు నడిపేవారు రాత్రంతా మేలుకోక తప్పదు. వారికి వేడివేడిగా తినడానికి మరో దారి లేదు. ఉడికించిన గుడ్డు, వెన్న రాసిన రొట్టెముక్క, ఒక పై ముక్క వంటివి ఐదేసి సెంట్లకు స్కాట్ అందించాడు. అతడు బండిలోపల కూర్చొని కిటికీ గుండా అమ్మేవాడు. కొనేవారు వానలోనూ మంచులోనూ వీధిలో నిలబడే తినేవారు.

ఈ బండి నుంచే డైనర్ వంశవృక్షం మొదలైందని చరిత్రకారులు చెబుతారు. కొద్ది కాలానికే ఇటువంటి బండ్లు న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు నగరాలన్నింటా వెలిశాయి. శామ్యూల్ జోన్స్ అనే ఆయన 1887లో మసాచుసెట్స్‌లోని ఊస్టర్ నగరంలో, కొనేవారు సైతం లోపలికి ఎక్కి నిలబడి తినగలిగేంత పెద్ద బండిని ప్రవేశపెట్టాడు. ఊస్టర్‌కే చెందిన చార్లెస్ పామర్ 1891లో ఇటువంటి బండి నమూనాకు పేటెంటు పొందాడు. ఆ నగరంలోనే థామస్ బక్లీ రంగురంగుల అద్దాలతో, పూతలతో అందమైన బండ్లు నిర్మించి అనేక పట్టణాలకు పంపాడు.

ఈ బండ్లకు ఊహించని దిక్కు నుంచి కూడా ఆదరణ లభించింది. రాత్రివేళ తెరిచి ఉండే చోటు సారాదుకాణమొక్కటే అయితే, ఆకలిగొన్న కూలివాడు అక్కడికే వెళతాడని మద్యపాన నిషేధ ఉద్యమకారులు గ్రహించారు. న్యూయార్క్ నగరంలో 1890లలో వారే స్వయంగా రాత్రి భోజనపు బండ్లు నడిపించి, చవకగా వేడి తిండి, కాఫీ అందించారు. మంచి తిండి అందుబాటులో ఉంచితే చెడు అలవాటు కొంతైనా తగ్గుతుందన్న ఈ ఆలోచన నేటి ప్రజారోగ్య శాస్త్రానికీ సమ్మతమైనదే.

బండి నుంచి భవనానికి

రాత్రి కోసం పుట్టిన బండి పగలు కూడా నిలవడం ఎలా మొదలైంది? తెల్లవారాక కూడా వీధులకు అడ్డంగా ఉంటున్నాయని పలు నగరపాలక సంఘాలు బండ్లపై ఆంక్షలు పెట్టాయి. ప్రావిడెన్స్‌లోనైతే ఉదయం 10 గంటలలోగా అవి వీధి విడిచి వెళ్లవలసి వచ్చింది. దానితో యజమానులు చిన్న స్థలాలు అద్దెకు తీసుకొని, బండి చక్రాలు తీసివేసి, అక్కడే స్థిరపడ్డారు. వీధి విడువక తప్పని బండి, సొంత జాగా చేరాక రాత్రింబవళ్లూ నడవసాగింది.

అదే కాలంలో విద్యుత్తు ట్రాములు రావడంతో గుర్రాలు లాగే పాత ట్రాముపెట్టెలు చవకగా అమ్మకానికి వచ్చాయి. కొందరు వాటినే భోజనశాలలుగా మార్చుకున్నారు. మరోవైపు న్యూజెర్సీలో జెర్రీ ఒమాహొనీ, ఊస్టర్‌లో 1906లో ఏర్పడిన లంచ్ కార్ కంపెనీ వంటి నిర్మాతలు భోజనశాలను కర్మాగారంలోనే పూర్తిగా తయారుచేసి, చోటు చేర్చి అప్పగించేవారు. రైలులోని భోజనపు పెట్టెను పోలి ఉండటం వల్ల డైనింగ్ కార్ అన్న పేరు వచ్చి, 1920లలో అది డైనర్‌గా కుదించుకుపోయింది. అప్పటిదాకా మగవారికే పరిమితమైన ఈ చోటికి స్త్రీలను రప్పించడానికి యజమానులు ఎత్తుపీటలకు తోడు బల్లలు, సోఫాల వంటి కూర్చునే అరలు ఏర్పాటు చేశారు. స్త్రీలకు స్వాగతం అని బోర్డులు కూడా కట్టారు.

ఆపైన కార్లు, లారీలు, రహదారులు పెరిగాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కర్మాగారాలు మూడు షిఫ్టులలో నడిచాయి. రాత్రివేళ వెలుగుతున్న భోజనశాల అద్దాల వెనుక కూర్చున్న ఒంటరి మనుషులను ఎడ్వర్డ్ హాపర్ 1942లో చిత్రించాడు. నైట్‌హాక్స్ అనే ఆ చిత్రం నేటికీ షికాగో కళాసంస్థలో ఉంది. యుద్ధానంతరం స్టెయిన్‌లెస్ ఉక్కు, నియాన్ దీపాల డైనర్ అమెరికా రహదారికే గుర్తుగా నిలిచింది.

తెరిచిన తలుపు అందరికీ తెరవలేదు

24 గంటలూ తెరిచి ఉంచినంత మాత్రాన ఆ తలుపు అందరికోసమూ తెరిచినట్లు కాదు. నల్లజాతి ప్రయాణికులకు దారి పొడవునా అనేక భోజనశాలలు అన్నం పెట్టేవి కావు. 1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరొలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలోని భోజనపు బల్ల ముందు కూర్చొని, తమకు వడ్డించకపోయినా లేవకుండా నిరసన తెలిపారు. 1961లో మేరీలాండ్ రాష్ట్రపు 40వ నంబరు రహదారిపై, అధ్యక్షుడు కెనడీకి నియామకపత్రం సమర్పించడానికి వెళుతున్న చాద్ దేశపు రాయబారికి ఒక డైనర్‌లో కప్పు కాఫీ నిరాకరించారు. ఒక దేశపు రాయబారికే ఈ గతి పట్టినప్పుడు సామాన్య లారీ డ్రైవరు ఆకలితో ఎన్ని మైళ్లు నడిపి ఉంటాడో ఊహించవచ్చు. 1964 నాటి పౌరహక్కుల చట్టం భోజనశాలల్లో ఈ వివక్షను నిషేధించింది.

అప్పటికే మరో మార్పు మొదలైంది. 1953లో కాలిఫోర్నియాలో చిన్న డోనట్ దుకాణంగా పుట్టి తరువాత డెనీస్‌గా పేరుమార్చుకున్న సంస్థ, 1955లో జార్జియా రాష్ట్రంలో మొదలైన వాఫుల్ హౌస్ వంటివి, రాత్రింబవళ్లూ తెరిచి ఉండటాన్నే తమ ప్రత్యేకతగా చాటుకొని దేశమంతా శాఖలు విస్తరించాయి. వాఫుల్ హౌస్ ఎంత పట్టుదలగా తెరిచి ఉంటుందంటే, తుపాను తరువాత ఒక ఊరు ఎంత దెబ్బతిన్నదో అంచనా వేయడానికి అమెరికా విపత్తు నిర్వహణ అధికారులు ఆ ఊరి శాఖ తెరిచి ఉన్నదా, పూర్తిగా వడ్డిస్తున్నదా అని చూసేవారు. కష్టకాలంలో వేడి తిండి దొరకడం చిన్న విషయం కాదు. అందుకే ఆ తలుపు తెరిచి ఉండటాన్ని నేను తప్పుపట్టను.

పళ్లెంలో ఏమున్నది?

డైనర్ పళ్లెంలో సాధారణంగా పెనంపై వేయించిన గుడ్లు, ఉప్పుపట్టించిన పందిమాంసపు ముక్కలు, నూనెలో వేగిన బంగాళదుంప తురుము, పాకం పోసిన పాన్‌కేకులు, వాటితోపాటు ఎన్నిసార్లయినా నింపే కాఫీ ఉంటాయి. ఒకే వంటవాడు ఒకే పెనంపై నిమిషాలలో చేయగలిగినవే పట్టికలో నిలిచాయి. ఒళ్లు వంచి పనిచేసిన కర్మాగారపు కూలికి ఆ శక్తి అవసరమయ్యేది. అదే పళ్లెం కారులో కూర్చొని వచ్చి, కారులోనే కూర్చొని వెళ్లేవారి ముందుకు వచ్చినప్పుడు లెక్క మారిపోయింది. నిలవమాంసం తరచుగా తినడం పెద్దపేగు క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో నిర్ధారించింది.

పళ్లెం కన్నా ముఖ్యమైనది గోడ గడియారం. మన శరీరంలోనూ ఒక గడియారం ఉంది. మెదడులోని ఒక చిన్న కేంద్రం వెలుతురును బట్టి దానిని సరిచేస్తూ ఉంటుంది. కాలేయం, క్లోమం, పేగులు తమ వంతు గడియారాలను భోజనవేళలను బట్టి కూడా సరిచేసుకుంటాయి. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో ఈగలపై పరిశోధించి కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ 2017లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి అందుకున్నారు. రాత్రివేళ ఇన్సులిన్ ప్రభావం మందగిస్తుంది. జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. అందువల్ల పగలు తిన్న భోజనాన్నే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది.

అమెరికాలో 1976లో ఆరంభమైన నర్సుల ఆరోగ్య అధ్యయనం, రాత్రి షిఫ్టులు మారిమారి చేసిన సంవత్సరాలు పెరిగేకొద్దీ మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుందని చూపింది. 2021లో ప్రచురితమైన బోస్టన్ పరిశోధన ఒకటి ఆశ కూడా కలిగిస్తుంది. 19 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో రాత్రిపని వేళలకు మార్చి, కొందరికి రాత్రి కూడా భోజనం పెట్టారు, మిగిలినవారికి పగలు మాత్రమే పెట్టారు. రాత్రి తిన్నవారిలో రక్తంలో చక్కెర పెరిగింది. పగలే తిన్నవారిలో చెప్పుకోదగినంతగా పెరగలేదు. చిన్న ప్రయోగమే అయినా, పనివేళను మార్చుకోలేనివారు భోజనవేళను మార్చుకొని కొంత రక్షణ పొందవచ్చునని అది సూచిస్తున్నది.

మన రాత్రులు

ఈ కథకు మనతో సంబంధం లేదనుకోవడానికి వీలులేదు. అమెరికాలో పగలయినప్పుడు మనకు రాత్రి. అక్కడి కార్యాలయాల పనివేళకు అనుగుణంగా హైదరాబాదులో వేలాది యువతీయువకులు తెల్లవార్లూ మేలుకొని పనిచేస్తున్నారు. ఆసుపత్రులలో నర్సులు, రైళ్లు నడిపేవారు, లారీ డ్రైవర్లు, విశాఖ ఉక్కు కర్మాగారపు కార్మికులు, తెల్లవారకముందే పాలు, కూరగాయలు చేరవేసేవారు కూడా ఈ కోవలోనివారే. నా వృత్తి జీవితంలో రాత్రి విధులు నాకూ తప్పలేదు. తెల్లవారుజామున రెండు మూడు గంటల మధ్య వచ్చే ఆకలి చాలావరకు నిద్రలేమి వేసే వేషమని ఆ విధులే నేర్పాయి.

రాత్రి పనిచేయక తప్పనివారు ఈ కొన్ని విషయాలు పాటిస్తే మేలు. ప్రధాన భోజనాన్ని విధికి వెళ్లేముందే, వీలైనంత పెందలాడే ముగించాలి. అర్ధరాత్రి దాటాక ఆకలైతే మజ్జిగ, ఉడికించిన గుడ్డు, పండు, గుప్పెడు వేరుసెనగలు వంటి తేలికైనవి చాలు. బిరియానీ, వేపుళ్లు, శీతలపానీయాలు ఆ వేళకు తగవు. కాఫీ, టీలు షిఫ్టు మొదటి సగంలోనే ముగించాలి. తాగిన కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది గనుక, తెల్లవారుజామున తాగిన కప్పు ఉదయపు నిద్రను దొంగిలిస్తుంది. ఇంటికి చేరాక తేలికగా ఫలహారం చేసి, గదిని చీకటి చేసుకొని పడుకోవాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తమంతట తాము భోజనవేళలు మార్చుకోరాదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది కాబట్టి, షిఫ్టు వేళలు వైద్యునికి చెప్పి మందుల వేళలను సరిచేయించుకోవాలి.

రాత్రి పనిలేనివారికి నేను చెప్పదలచినది ఒక్కటే. అర్ధరాత్రి స్నేహితులతో కలిసి బిరియానీకి బయలుదేరడం ఎప్పుడో ఒకసారి పండుగ అనుకోవచ్చు. వారానికి నాలుగు రాత్రులు అదే పండుగ జరిగితే, దాని ఖర్చును కాలేయం, క్లోమం భరించవలసి వస్తుంది.

రాత్రి పని చేయించుకునే సంస్థలకు బాధ్యత ఇంకా ఎక్కువ. తెల్లవార్లూ మనుషులను మేలుకొలిపి ఉంచి, క్యాంటీన్‌లో బజ్జీలు, నూడుల్స్, చిప్స్ పొట్లాలు మాత్రమే ఉంచడం న్యాయం కాదు. ఒక గుడ్డు, ఒక రొట్టెముక్క, ఒక కప్పు కాఫీ: 150 సంవత్సరాల క్రితం వీధిబండిలో స్కాట్ అమ్మిన తిండి, నేటి అనేక కార్యాలయాల అర్ధరాత్రి పట్టికకన్నా శరీరానికి తేలికైనది. ఆపాటి తిండిని మనవారికి అందించడం ఏ సంస్థకూ అసాధ్యం కాదు.