రాజ్‌పుత్: 41 ఏళ్ళ సపోర్ట్ ప్రాజెక్టు

మన ఫీల్డులో "నిన్ను సపోర్ట్ ప్రాజెక్టులో వేశాం" అంటే చాలు, మొహం మాడిపోతుంది. అందరికీ కొత్తగా కట్టే పనే కావాలి. ఎవరో ఎప్పుడో రాసిపోయిన కోడ్ ఆగిపోకుండా చూసుకునే పనికి గ్లామరూ ఉండదు, అప్రైజల్లో మార్కులూ అంతంత మాత్రమే. అలాంటి పనిలో ఉన్నవాళ్ళకి ఒక యుద్ధనౌక కథ చెప్పాలనిపించింది. మాది వరంగల్లు, సముద్రానికి చాలా దూరం. అయినా ఈ కథలో మా ఊరి పేరు ఒకచోట వస్తుంది, చూడండి.

నౌక పేరు ఐఎన్ఎస్ రాజ్‌పుత్. డిస్ట్రాయర్. అంటే సబ్‌మెరైన్లని వెతకడం, విమానాల్ని కాచుకోవడం, శత్రు నౌకల మీద క్షిపణులు వెయ్యడం, ఈ మూడూ చేస్తూ మిగతా ఓడలకి కాపలాగా తిరిగే వేగమైన నౌక. సుమారు 146 మీటర్ల పొడవు, దాదాపు 5,000 టన్నులు, నాలుగు గ్యాస్ టర్బైన్లు, గంటకి 35 నాటికల్ మైళ్ళ వేగం.

కట్టింది మనం కాదు. అప్పటి సోవియట్ యూనియన్‌లోని నికొలాయెవ్ నగరంలో, 61 కమ్యూనార్డ్స్ షిప్‌యార్డులో 1976 సెప్టెంబర్ 11న పని మొదలైంది. 1977 సెప్టెంబర్ 17న నీళ్ళలోకి దిగింది. అక్కడ దానికి పెట్టిన పేరు నదేఝ్నీ, అంటే నమ్మదగినది అని. డిజైను 1960ల నాటి కాషిన్ తరగతిది. మన నేవీ కోసం వెనకవైపు ఫిరంగి తీసేసి హెలికాప్టర్ ఉండేందుకు చోటు చేశారు. మన భాషలో చెప్పాలంటే క్లయింట్ కోసం కస్టమైజ్ చేసిన ప్రాడక్టన్నమాట.

1980 మే 4న జార్జియాలోని పోటీ రేవులో, మాస్కోలో మన రాయబారిగా ఉన్న ఐ.కె.గుజ్రాల్ చేతుల మీదుగా నౌకాదళంలో చేరింది. మొదటి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. ఈయన తర్వాత వైస్ అడ్మిరల్ అయ్యారు, రిటైరయ్యాక మన నౌకాదళ చరిత్రని మూడు సంపుటాలుగా రాశారు. ప్రాజెక్టు మొదలుపెట్టిన మనిషే డాక్యుమెంటేషన్ కూడా రాయడం మన దగ్గర ఎప్పుడైనా చూశారా?

1988 జూన్ దాకా ముంబై, ఆ తర్వాత చివరిదాకా విశాఖే దాని ఇల్లు. శ్రీలంకలో మన శాంతిసేన ఉన్న రోజుల్లో ఆ తీరంలో గస్తీ తిరిగింది. 1988లో మాల్దీవుల్లో తిరుగుబాటుని అణచడానికి చేసిన ఆపరేషన్ కాక్టస్‌లోనూ పాల్గొంది.

అసలు కథ 1991లో మొదలవుతుంది. ఆ ఏడాది సోవియట్ యూనియన్ కుప్పకూలింది. ఓడ పుట్టిన ఊరు ఉక్రెయిన్‌కి పోయింది, నౌకాదళంలో చేరిన రేవు జార్జియాకి పోయింది. డబ్బు ఎవరికి కట్టాలి, స్పేర్ పార్టులు ఎవరిని అడగాలి అన్నదే పెద్ద ప్రశ్న అయిపోయింది. వెండర్ కంపెనీ మూతపడింది, ప్రొడక్షన్ సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉండాలి. ఆ దెబ్బ ఎంతటిదో ఐఎన్ఎస్ ఢిల్లీని చూస్తే తెలుస్తుంది. ముంబై మజగావ్ డాక్‌లో మనమే కట్టుకున్న ఆ డిస్ట్రాయర్ 1991లో జలప్రవేశం చేసింది, సేవలోకి వచ్చేసరికి 1997. సోవియట్ సామాను సమయానికి రాకపోవడం ఆ ఆలస్యానికి ఒక కారణం.

ఇక్కడే వస్తుంది మా ఊరి పేరు. విశాఖలో నౌకాదళానికి ఒక కేంద్రం ఉంది. ఓడల గ్యాస్ టర్బైన్లని పూర్తిగా విప్పి, బాగుచేసి, పరీక్షించి, మళ్ళీ పంపే చోటు. దాని పేరు ఐఎన్ఎస్ ఏకశిల. ఏకశిలానగరం అంటే మా ఓరుగల్లే కదా, ఆ పేరు చూసి భలే సంతోషపడ్డాను. సముద్రంలో ఉప్పు ఇనుముని తింటూనే ఉంటుంది. టర్బైన్ బ్లేడులు అరిగిపోతూనే ఉంటాయి. ఇంజన్ తయారు చేసిన దేశం మీద పూర్తిగా ఆధారపడకుండా ఇంట్లోనే ఓవర్‌హాల్ చేసుకోగలగడం చిన్న విషయం కాదు.

రాజ్‌పుత్‌ని ఊరికే బతికించడంతో ఆగలేదు. 2001లో బ్రహ్మోస్ క్షిపణి మొదటిసారి ఎగిరింది. దాన్ని ఓడ మీద పరీక్షించడానికి ఎంచుకున్నది ఈ పాత నౌకనే. రెండు పాత స్టిక్స్ క్షిపణి లాంచర్లు తీసేసి, ఒక్కోదానిలో రెండేసి బ్రహ్మోస్‌లు పట్టే పెట్టెలు బిగించారు. అలా బ్రహ్మోస్ ఉన్న తొలి భారత నౌక అయింది. 1970ల హార్డ్‌వేర్ మీద 21వ శతాబ్దపు అప్‌గ్రేడ్!

2021 మే 21న విశాఖలో, కోవిడ్ వల్ల కొద్దిమంది సమక్షంలో, జెండా దించారు. 41 ఏళ్ళలో 31 మంది కెప్టెన్లు (అన్నిసార్లు కేటీ ఇచ్చారో ఏమో!), 7,87,194 నాటికల్ మైళ్ళ ప్రయాణం. భూమిని 36 సార్లు చుట్టినంత.

సరిగ్గా ఆరు నెలలకి, 2021 నవంబర్ 21న, ముంబైలో ఐఎన్ఎస్ విశాఖపట్నం సేవలో చేరింది. 163 మీటర్లు, 7,400 టన్నులు. ఢిల్లీ ప్రాజెక్టు 15, కోల్‌కతా 15ఏ, ఇది 15బీ. వెర్షన్ నంబర్లలాగే లేవూ? దీని ఉక్కు డీఎంఆర్ 249ఏ, హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ తయారుచేసిన రకం. 2024 జనవరిలో హౌతీల క్షిపణి తగిలి ఏడెన్ సింధుశాఖలో మంటల్లో ఉన్న మార్లిన్ లువాండా ట్యాంకర్‌కి సాయం వెళ్ళింది ఇదే. అందులో 22 మంది మనవాళ్ళు, ఒక బంగ్లాదేశీ.

అయితే దీని గ్యాస్ టర్బైన్లు ఎక్కడివో తెలుసా? మళ్ళీ ఆ నికొలాయెవ్‌వే, ఇప్పటి పేరు మికొలాయివ్. 2022లో రష్యా దాడి మొదలయ్యాక ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. డిపెండెన్సీ అంటే ఇదీ. ఇంజన్ కూడా మనమే చేసుకునేదాకా, విప్పి బాగుచెయ్యడం వచ్చిన వాళ్ళే మనకి దిక్కు. కొత్త ఇంజన్ చెయ్యగలిగే రోజు వస్తే ఆ చేతుల్లో నుంచే వస్తుందని నా నమ్మకం. ఒకదాన్ని వందసార్లు విప్పి బిగించినవాడికి తెలిసినంతగా దాని లోపాలు ఇంకెవరికి తెలుస్తాయి?

కెప్టెన్ల పేర్లు రికార్డుల్లో ఉంటాయి. డాక్‌యార్డులో చెమటోడ్చిన ఫిట్టర్ల పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. రాజ్‌పుత్‌ని 41 ఏళ్ళు నమ్మదగినదిగా ఉంచింది వాళ్ళే.