తలక్రిందులుగా వచ్చిన టారో కార్డు: అర్థం మార్చి చెప్పాలా?

బరంపురం, లంజిపల్లి, ఇచ్ఛాపురం పరిసరాల తెలుగు కుటుంబాలకు జోస్యం కొత్త విషయం కాదు. చిలక జోస్యం, ఎరుకలసాని సోది, గవ్వల ప్రశ్న తరతరాలుగా మనమెరిగినవే. వాటి సరసన ఇప్పుడు టారో కార్డులు కూడా చేరాయి. సూరత్‌కు పనికి వెళ్ళిన కుమారుని గురించో, ముందుకు సాగని పెళ్ళి సంబంధం గురించో అడిగినప్పుడు “మీ కార్డు తలక్రిందులుగా వచ్చింది” అన్న మాట వినబడితే ఇంటిల్లిపాదీ దిగులు పడటం సహజం. ఆ మాట ఎక్కడి నుండి వచ్చింది, దానికి ఎంత విలువ ఇవ్వాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

టారో పుట్టుక

టారో మొదట జోస్యం కాదు, పేకాట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ప్రభువుల ఇళ్ళలో ఆడుకొనుటకు ఈ ముక్కలను చిత్రించారు. మొత్తం 78 ముక్కలు. అందులో 22 ముక్కలపై సూర్యుడు, చంద్రుడు, గోపురం, మృత్యువు వంటి బొమ్మలుంటాయి. మిగిలిన 56 ముక్కలు దండాలు, పాత్రలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగులకు చెందినవి.

ఈ ముక్కలలో ప్రాచీన ఈజిప్టు రహస్యజ్ఞానం దాగి ఉన్నదని 1781లో కూర్ ద జెబెలిన్ అనే ఫ్రెంచి పండితుడు వ్రాశాడు. దానికి ఆధారమేదీ లేదు. అయినా టారో జోస్యానికి విస్తృత ప్రచారం లభించింది ఆ తరువాతనే.

తలక్రిందుల పద్ధతి ఎవరిది?

ఎత్తెయ్యా అనే పేరుతో వ్రాసిన ఫ్రెంచి జోస్యుడు 1770లో ప్రచురించిన పుస్తకంలో 32 ముక్కల మామూలు పేకతో జోస్యం చెప్పే విధానాన్ని వివరించి, ప్రతి ముక్కకూ నిలువుగా వస్తే ఒక అర్థం, తలక్రిందులుగా వస్తే మరొక అర్థం ఇచ్చాడు. ఆ తరువాత టారో ముక్కలకూ అదే పద్ధతిని అనుసరించాడు.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న కట్ట 1909లో లండన్‌లో వెలువడింది. రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణివి. వెయిట్ కూడా తన గ్రంథంలో తలక్రిందుల అర్థాలను ఇచ్చాడు. అయితే అవన్నీ చెడు అర్థాలు కావు. సూర్యుని కార్డు తిరగబడితే అదే శుభఫలం కొంత తక్కువ మోతాదులో లభిస్తుందని మాత్రమే చెప్పాడు.

దీనిని పాటించనివారూ ఉన్నారు. అలీస్టర్ క్రౌలీ రూపొందించగా ఫ్రీడా హారిస్ చిత్రించిన థోత్ కట్టను చదివేవారిలో అనేకులు కార్డు తల ఎటు ఉన్నదని చూడరు. దాని ఇరుప్రక్కల ఉన్న కార్డులతో దానికి పొత్తు కుదిరిందా లేదా అని చూస్తారు.

ఇరుపక్షాల వాదన

తలక్రిందుల అర్థాలు కావాలనేవారు చెప్పేది ఇది: మనుష్య జీవితం 78 మాటలలో ఇమడదు, రెండు దిశలూ చూస్తే 156 అర్థాలు లభిస్తాయి, జాప్యం, అడ్డంకి, మనసులో దాచుకున్న బాధ వంటి సూక్ష్మ విషయాలు చెప్పడానికి వీలు కలుగుతుంది.

వద్దనేవారి సమాధానం వేరు. కట్టలో గోపురం కూలిపోవడం, గుండెలో మూడు కత్తులు దిగడం వంటి కష్టసూచకాలు ముందే ఉన్నాయి. మంచి కార్డులను కూడా తిరగవేసి చెడుగా చెబితే తూకం ఒకవైపుకే మొగ్గుతుంది.

చిన్న లెక్క

కార్డు తిరగబడేది కలిపే చేతి వల్ల. కట్టలో కొంత భాగాన్ని త్రిప్పి కలపకపోతే ఒక్క కార్డు కూడా తలక్రిందులు కాదు. సగం సగంగా త్రిప్పి బాగా కలిపితే ప్రతి కార్డూ తిరగబడే అవకాశం రెండింట ఒకటి. అప్పుడు మూడు కార్డులు తీస్తే, మూడూ నిలువుగా రావడం ఎనిమిదిసార్లలో ఒకసారి మాత్రమే. పది కార్డులు పరిస్తే సగటున అయిదు తిరగబడి ఉంటాయి. పదీ నిలువుగా రావడం 1024 సార్లలో ఒక్కసారి.

అనగా ఆ విధంగా కలిపిన కట్ట ముందు కూర్చున్న దాదాపు ప్రతి కుటుంబానికీ “మీకు తిరగబడింది” అనే మాట తప్పదు. అది ఆ ఇంటికి ప్రత్యేకంగా వచ్చిన సూచన కాదు.

మన ఆటలు చెప్పే న్యాయం

ఈ ప్రశ్నకు మన ప్రాంతపు ఆటలలోనే చక్కని సమాధానం ఉంది. ఒడిశాలో పూరీ, రఘురాజపురం, సోనేపూర్, పర్లాకిమిడి వంటి చోట్ల చిత్రకారులు తయారుచేసిన గంజపా ముక్కలు గుండ్రనివి. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్దపూత పూసి, పటచిత్రం వలెనే వాటిపై బొమ్మలు వేస్తారు. దశావతార గంజపాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. గుండ్రని ముక్కను చేతిలో ఎటు త్రిప్పి పట్టుకున్నా దాని విలువ మారదు.

అయినా ఆ ఆటలో తలక్రిందులనేది లేకపోలేదు. సగం రంగులలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. మిగిలిన సగం రంగులలో ఒకటి పెద్దది, పది చిన్నది. కాని ఇది ఆట మొదలు కాకముందే అందరికీ తెలిసిన నియమం. ముక్కలు పంచిన తరువాత ఎవరూ మార్చలేరు.

అష్టాచెమ్మా సంగతి కూడా ఇంతే. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. అన్నీ బోర్లా పడినప్పుడే పెద్ద పందెం! బోర్లా పడటం చెడుకు గుర్తు అని గవ్వకు తెలియదు. ముందుగా ఒప్పుకున్న నియమమే దానికి విలువ కట్టింది. చిలక జోస్యంలోనైతే చిలక ముక్కుతో లాగిన చీటీ తల ఎటున్నదని ఎవరూ అడగరు. అందులోని బొమ్మ ఏదన్నదే ప్రశ్న.

మరి ఏది మేలు?

టారోను కాలక్షేపంగానో, మనసులోని మాటను బయటికి తెచ్చే సాధనంగానో నేర్చుకునేవారు మొదట నిలువు అర్థాలతోనే సాధన చేయడం మంచిది. 78 బొమ్మలూ బాగా ఎరుకపడిన తరువాత కావాలంటే తలక్రిందుల అర్థాలను చేర్చుకోవచ్చు. అప్పుడు కూడా మూడు నియమాలు పాటించాలి.

ఒకటి, తలక్రిందులను లెక్కలోకి తీసుకుంటారో లేదో కార్డులు పరచకముందే చెప్పాలి. రెండు, తిరగబడిన కార్డును ‘తక్కువ’, ‘ఆలస్యం’, ‘లోలోపల’ అని చదవాలే గాని ‘అరిష్టం’ అని చదవరాదు. మూడు, ఒకే కూర్పులో ఒక కార్డుకు తలక్రిందుల అర్థం చెప్పి, మరొక దానిని నిలువుగా సరిచేసి చెప్పరాదు.

కార్డులు అడిగే కుటుంబాలకు

కార్డు తిరగబడటానికీ రోగానికీ, పెళ్ళికీ, రైలు ప్రయాణానికీ సంబంధమున్నదని నిరూపించిన ఆధారమేదీ లేదు. ఫలితం చెప్పిన వెంటనే పరిహారం పేరుతో సొమ్ము అడిగితే అక్కడితో లేచి రావడం ఉత్తమం. తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తున్నది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మరొకటి. “తిరగబడిన రాణి కార్డు వచ్చింది, మీ వీధిలోని ఒక స్త్రీ మీకు చేటు చేసింది” అనే ధోరణిలో ఎవరినైనా వేలెత్తి చూపడం. అటువంటి మాటల వల్లనే ఊళ్ళలో వృద్ధులు, ఒంటరి స్త్రీలు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒడిశాలో మంత్రగత్తె నెపంతో జరిగే హింసను అరికట్టడానికి 2013లో ప్రత్యేక చట్టం చేశారు. ఒకరిని మంత్రగత్తె అని ముద్రవేయడమే దాని ప్రకారం నేరం.

అందువలన జ్వరం వస్తే ఆసుపత్రికి, కుమారుని క్షేమం తెలియకపోతే అతడు పనిచేసే చోటికి ఫోను, సంబంధం విషయంలో సందేహముంటే ఆ ఊరివారి వద్ద విచారణ. ఈ మూడూ జరిగిన తరువాతనే కార్డుల కాలక్షేపం. అప్పుడు కార్డు నిలువుగా వచ్చినా, తలక్రిందులుగా వచ్చినా ఇంటికి వచ్చే నష్టమేమీ ఉండదు.