పండిన, రాలిన, పగిలిన: ప్రాథమిక తరగతుల రాతలో విశేషణం

ప్రాథమిక తరగతుల్లో పిల్లలకు విశేషణం సాధారణంగా రెండు చోట్ల ఎదురవుతుంది: భాషాభాగాలు వల్లె వేసేటప్పుడు ఒకసారి, ఖాళీలు పూరించేటప్పుడు మరోసారి. గుణాన్ని తెలిపేది విశేషణమని గడగడా అప్పజెప్పిన పిల్లవాడే "మా ఊరు" గురించి రాయమంటే "మా ఊరు అందమైన ఊరు, మంచి ఊరు" దగ్గర ఆగిపోతాడు. అది వాడి లోపం కాదు. మనం వాడి ముందు పెట్టిన మాటలే అంత తక్కువ. తెలుగు పిల్లలకు విశేషణాన్ని క్రియ దారిన నేర్పాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

మంచి, పెద్ద, కొత్త, పాత వంటి అచ్చమైన విశేషణాలు తెలుగులో కొద్దే. అందమైన, చల్లని, తెల్లటి వంటివి ప్రత్యయాలు చేరి ఏర్పడినవి. తరగని రాశి మాత్రం క్రియల్లో ఉంది: పండిన కాయ, రాలిన ఆకు, మాడిన దోసె, పులిసిన పిండి, ఎగురుతున్న గాలిపటం, చిరగని చొక్కా. వ్యాకరణంలో ఇవి క్రియాజన్య విశేషణాలు. బడి గడప తొక్కకముందే పిల్లలు వీటిని మాట్లాడుతుంటారు. "విరిగిన బొమ్మ నాకొద్దు" అనే పిల్లకు వీటిని కొత్తగా నేర్పక్కర్లేదు, రాతలోకి రానిస్తే చాలు. పైగా హిందీలో అచ్ఛా లడ్‌కా, అచ్ఛీ లడ్‌కీ అని రూపం మార్చాలి. మనకు మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు. రూపాల బెడద లేదు గనుక తరగతి సమయమంతా ఏ మాట ఎంచుకోవాలన్న దానికే ఇవ్వవచ్చు.

విడిగా చెప్పే వ్యాకరణ పాఠాలు రాతకు పెద్దగా తోడ్పడవని అమెరికాలో బ్రాడక్, లాయిడ్-జోన్స్, షోయర్ 1963లోనే తేల్చారు. 2007లో స్టీవ్ గ్రాహమ్, డోలోరెస్ పెరిన్ 4 నుంచి 12 తరగతుల రాతపై జరిగిన అధ్యయనాలను కూర్చి విశ్లేషించినప్పుడు, చిన్న వాక్యాలను కలిపి రాయించే అభ్యాసం మంచి ఫలితమిచ్చినట్టు తేలింది. ఈ అభ్యాసం తెలుగుకు మరింత నప్పుతుందని నా అభిప్రాయం. "మామిడికాయ రాలింది. దాన్ని తమ్ముడు ఏరాడు." ఈ రెంటినీ కలిపితే "రాలిన మామిడికాయను తమ్ముడు ఏరాడు" అవుతుంది. మొదటి వాక్యంలోని క్రియే విశేషణమైంది. పిల్లలు నిర్వచనం వినకుండానే వ్యాకరణం చేసి చూపారన్నమాట.

తరగతిలో దీనికి ఒక చింతకాయ చాలు. దాన్ని పిల్లల చేతికిచ్చి రెండు ప్రశ్నలు వేయాలి. "ఎలా ఉంది?" అంటే పుల్లగా, వంకరగా, గరుకుగా అంటారు. "ఏమైంది?" అంటే ఎండింది, పగిలింది, పురుగు పట్టింది అంటారు. మన బడుల్లో మొదటి ప్రశ్న అప్పుడప్పుడైనా వినిపిస్తుంది, రెండోది అరుదు. "పెంకు పగిలిన చింతకాయ", "పురుగు పట్టిన చింతకాయ" పుట్టేది ఆ రెండో ప్రశ్న నుంచే. వస్తువును ముందు చెప్పి గుణాన్ని తర్వాత చెప్పడం చిన్నపిల్లలకు సులువు కావచ్చు. రెండేళ్ల పిల్లలు రంగుల పేర్లు నేర్చుకునే తీరుపై రామ్‌స్కార్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన అటువైపే చూపుతోంది. అందుకని "బంతి ఎర్రగా ఉంది" అని ముందు పలికించి, "ఎర్రని బంతి" తర్వాత రాయించడం మేలు.

విశేషణాలు ఎక్కువైతే రాత బాగుపడినట్టు కాదు. "అందమైన పెద్ద ఎర్రని మంచి గులాబీ"కి మార్కులు వేస్తే పిల్లలు మాటలు పేర్చడమే నేర్చుకుంటారు. ఆ మాట తీసేస్తే ఏం పోతుందని వాళ్లనే అడగాలి. "కుంటి కుక్క"లో కుంటి తీసేస్తే ఆ కుక్కే పోతుంది. "అందమైన గులాబీ"లో అందమైన తీసేస్తే పోయేదేమీ లేదు.

ఇక దిద్దుబాటు. "సల్లటి నీళ్లు" అని రాసిన పిల్ల నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో గీత కొడితే, ఆమె మళ్లీ "మంచి నీళ్లు" దగ్గరకే వెళుతుంది. ఇంటి మాటను ముందు మెచ్చుకోవాలి, వర్ణక్రమం తర్వాత చూసుకోవచ్చు.

మూడు, నాలుగు, ఐదు తరగతుల వాచకాలు రాసేవారికి ఒక విన్నపం: విశేషణాల పాఠంలో ఖాళీలు పూరించే అభ్యాసాన్ని తగ్గించి, ఆ చోట రెండు వాక్యాలు కలిపే అభ్యాసం పెట్టండి.