కరోనరీ రక్తప్రవాహం: కాంతితో కొలత

గుండె కండరానికి రక్తం అందించేవి కరోనరీ ధమనులు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో వీటి గుండా నిమిషానికి సుమారు 225 మిల్లీలీటర్ల రక్తం పారుతుంది. గుండె పంపే మొత్తం రక్తంలో ఇది 4-5 శాతం. ముడుచుకున్న కండరం తనలోని నాళాలను నొక్కేస్తుంది కాబట్టి ఎడమ ధమనిలో ప్రవాహం ఎక్కువగా గుండె సడలినప్పుడే సాగుతుంది. క్షణక్షణం మారే ఈ వేగాన్ని పట్టుకోవడానికి కాంతిని వాడారు. కానీ ఎర్రరక్తకణాలు కాంతిని చెదరగొడతాయి. కొన్ని పద్ధతులకు ఈ గుణమే ఆధారం, మరికొన్నింటికి ఇదే అడ్డంకి.

రంగు పద్ధతి: 1957లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫాక్స్, వుడ్ ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును వాడుకలోకి తెచ్చారు. రక్తంలో ఇది 805 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆ తరంగదైర్ఘ్యం వద్ద ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికీ తక్కువున్న రక్తానికీ తేడా ఉండదు కనుక లెక్క తప్పదు. ఎక్కించిన రంగు ఎంత పలచబడిందో చూసి గుండె పంపే మొత్తం రక్తాన్ని లెక్కగట్టేవారు. ఒక్కో కరోనరీ ధమని సంగతి దీనితో తేలలేదు.

లేజర్ డాప్లర్: కదిలే కణానికి తగిలి తిరిగొచ్చిన కాంతి పౌనఃపున్యం కాస్త మారుతుంది. ఆ మార్పును బట్టి వేగం తెలుస్తుంది. 1964లో యే, కమ్మిన్స్ ద్రవాల వేగాన్ని ఇలా లేజర్‌తో కొలిచారు. 1972లో రివా, రాస్, బెనెడెక్ కుందేలు రెటీనా ధమనుల్లో రక్తవేగం కొలిచారు. 1975లో టనాకా, బెనెడెక్ ఆప్టికల్ ఫైబర్ క్యాథెటర్‌ను కుందేలు తొడ సిరలోకి పంపారు. 1980లలో జపాన్‌లోని కవాసాకి వైద్య కళాశాలలో కజియా బృందం కుక్కల కరోనరీ నాళాలను ఈ పద్ధతితో పరిశీలించింది. రక్తంలో కాంతి ఎంతో దూరం పోదు, పైగా ఫైబర్ కొనే తన చుట్టూ ప్రవాహాన్ని చెదరగొడుతుంది. అందుకే ఇది ప్రయోగశాల దాటి పెద్దగా రాలేదు.

ఓసీటీ: 1991లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన ఫుజిమోతో బృందం ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీని ప్రకటించింది. 2000ల ఆరంభంలో ఇది రోగుల కరోనరీ ధమనుల్లోకి చేరింది. 10-20 మైక్రాన్ల సూక్ష్మతతో ధమని గోడను చూపుతుంది. హైదరాబాద్‌లో 1990లలో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం తక్కువ ధరలో రూపొందించిన స్టెంటు వంటి, ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలీలు గోడకు సరిగ్గా ఆనాయో లేదో దీనితో తెలుస్తుంది. అయితే చిత్రం తీసేటప్పుడు ధమనిలోని రక్తాన్ని కాంట్రాస్ట్ ద్రవంతో కడిగేయాలి. అంటే ఇది ప్రవాహాన్ని కాక నాళపు నిర్మాణాన్నే చూపుతుంది.

పీడనపు తీగ: 1990లలో నెదర్లాండ్స్ వైద్యుడు నికో పైల్స్ తదితరులు ఎఫ్ఎఫ్ఆర్ (ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్) పరీక్షను స్థిరపరిచారు. ధమనిలోని అడ్డంకికి అవతలి పీడనాన్ని మహాధమని పీడనంతో భాగిస్తారు. ఫలితం 0.80 లేదా అంతకన్నా తక్కువైతే అడ్డంకి రక్తసరఫరాను దెబ్బతీస్తోందని అర్థం. ఇందుకు వాడే 0.36 మిల్లీమీటర్ల మందపు తీగల్లో కొన్నింటికి ఫైబర్ కొనన సన్నని పొర ఉంటుంది. పీడనానికి అది వంగితే లోపలి ఖాళీ మారి, తిరిగొచ్చే కాంతి మారుతుంది. కొలిచేముందు గుండె కండరంలోని చిన్న నాళాలను బాగా వ్యాకోచింపజేయడానికి అడినోసిన్ గానీ ఏటీపీ గానీ ఇస్తారు. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అడినోసిన్‌కు కరోనరీ నాళాలను వెడల్పు చేసే గుణం ఉందని డ్రూరీ, సెంట్-గ్యోర్గీ వెల్లడించినదీ అదే ఏడాది.

నేటి వైద్యశాలల్లో కాంతి నాళపు గోడను చూపడానికీ, పీడనం కొలవడానికీ ఉపయోగపడుతోంది. కరోనరీ ప్రవాహాన్ని కాంతితో నేరుగా కొలవడం మాత్రం ప్రధానంగా పరిశోధనకే పరిమితం.