గడియారం ఇల్లు చేరింది

రైల్లో పోయిన మరచెంబు తిరిగి ఇల్లు చేరడం నేనైతే ఎరగను. కానీ అమెరికాలో డెట్రాయిట్ స్టేషన్ కథ చదివాక ‘ఏమో!’ అనిపించింది.

కార్ల ఊరది. 1914లో హెన్రీ ఫోర్డు రోజుకూలి అయిదు డాలర్లు చేస్తే, పనికోసం జనం విరగబడ్డారు. 1950 నాటికి జనాభా 18 లక్షలు దాటింది. తర్వాత ఫ్యాక్టరీలు ఊరవతలికి తరలాయి. వెనకాలే తెల్లవాళ్ళూనూ. నల్లవాళ్ళు వెళదామన్నా ఆ శివార్లలో ఇల్లమ్మేవారేరీ, అప్పిచ్చేవారేరీ? 1967 అల్లర్లలో 43 మంది చనిపోయారు. పన్ను కట్టేవాళ్ళు తగ్గితే వీధిదీపం వెలగదు. దీపం లేని వీధిలో ఎవరుంటారు? ఈ లెక్క ఇల్లాళ్ళకి చెప్పక్కర్లేదు. 2013లో నగరమే దివాలా తీసింది.

అక్కడి పెద్ద స్టేషన్‌కి 1988లోనే రైళ్ళు ఆగిపోయాయి. దొంగలు దాన్ని గుల్ల చేశారు. 2018లో ఫోర్డు కంపెనీ ఆ భవనం కొన్నది. వెంటనే, పేరు చెప్పని మనిషెవరో ఫోన్ చేశాడట. ఎప్పుడో పోయిన స్టేషన్ గడియారాన్ని దుప్పట్లో చుట్టి, ఒక పాడుబడ్డ భవనం గోడకి ఆనించి వెళ్ళాడట!

2024లో స్టేషన్ తలుపులు తెరుచుకున్నాయి. 2023 అంచనాల్లో, 1957 తర్వాత మొదటిసారిగా, ఊరి జనాభా కాస్త పెరిగింది.

సంతోషమే. కాని గోడలకి సున్నం వేసినంత మాత్రాన ఇల్లు కళకళలాడదు కదా! దీపాల్లేని రోజుల్లోనూ ఊరు విడవనివాళ్ళకి, పెరిగే అద్దెల మధ్య చోటు మిగలాలి. గడియారం ఇల్లు చేరింది సరే, వాళ్ళు ఇల్లు వదలాల్సి వస్తే ఏం లాభం?